ఎవరి పరువు కోసం ఈ బాంబు?

ఆమధ్య వీరపునాయునిపల్లెలో పొదుపు సంఘాల మహిళలతో కూర్చున్నాం. ఆ రోజు మాట్లాడాలనుకున్నది కుటుంబ హింస గురించి. మాటల మధ్యలో 2025 మే నెలలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య జరిగిన నాలుగు రోజుల పోరు ప్రస్తావన వచ్చింది. రెండు దేశాల దగ్గరా అణుబాంబులున్నాయని, అది ఎంత ప్రమాదమో వివరించబోయాను. యాభై ఏళ్లు దాటిన ఒకామె మధ్యలోనే ఆపింది. "ఏమ్మా, బాంబంటే మాకు తెలీదనుకుంటాండావా? నా పెనిమిటి బాంబు దెబ్బకే పోయినాడు. ఇద్దరు పెద్దోళ్లకు పరువు కావాల్సొచ్చింది, మా ఊరు కాలిపాయ. నువ్వు చెప్పేది ఇంకా పెద్ద బాంబు, అంతే గదా!"

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్లుగా సామాజికశాస్త్రం చదువుతూ, చెబుతూ ఉన్నాను. అగ్రరాజ్యాల పోటీ గురించి చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. కానీ అవన్నీ చుట్టుదారిన చెప్పే విషయాన్ని ఆమె రెండు మాటల్లో చెప్పేసింది. పరువు అనే మాటను ఆమె సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది.

సమావేశం అయ్యాక ఒక కార్యకర్త నన్ను పక్కకు పిలిచి, "మనకు వరకట్నం, తాగుడు, నీళ్లు, కూలిరేట్లు ఇన్ని సమస్యలుండగా అణుబాంబులు మన పనేనా?" అని అడిగింది. చాలా సంస్థల్లో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే ఇది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు. అది ముమ్మాటికీ మన పనే. మన పని కాదని ఇన్నాళ్లూ వదిలేయడం వల్లే ఆ పనిని జనరల్స్, మంత్రులు, ‘వ్యూహ నిపుణులు’ తమ సొంత ఆస్తిగా చేసుకోగలిగారు.

1971: బంగాళాఖాతం దాకా వచ్చిన పోటీ

అగ్రరాజ్యాల పోటీ అనగానే మనకు ఎక్కడో క్యూబా, ఎక్కడో బెర్లిన్ గుర్తొస్తాయి. మన తీరం పక్కనే ఒకసారి అది ఎంత దూరం వెళ్లిందో మరిచిపోయాం.

1970 డిసెంబరు ఎన్నికల్లో పాకిస్తాన్ మొత్తంలో మెజారిటీ సాధించింది తూర్పు బెంగాల్‌కు చెందిన అవామీ లీగ్. అధికారం అప్పగించడానికి బదులు పాకిస్తాన్ సైన్యం 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో మారణకాండ మొదలుపెట్టింది. దాదాపు కోటి మంది శరణార్థులుగా మన దేశంలోకి వచ్చారు. బంగ్లాదేశ్ ప్రభుత్వ అంచనా ప్రకారమే దాదాపు 2 లక్షల మంది స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి.

ఇది ఒక ప్రజల ఓటుకు, వాళ్ల ప్రాణానికి, ఆ స్త్రీల శరీరాలకు సంబంధించిన సమస్య. కానీ వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లకు అది అలా కనిపించలేదు. ఆ ఏడాది జూలైలో హెన్రీ కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్లింది పాకిస్తాన్ మీదుగానే. చైనాతో కొత్త స్నేహానికి పాకిస్తాన్ వంతెన అయింది. కాబట్టి ఆ సైన్యం ఏం చేసినా కళ్లు మూసుకోవాలి. ఆగస్టు 9న మన దేశం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. అక్కడినుంచి తూర్పు బెంగాల్ సమస్య తూర్పు బెంగాల్‌ది కాకుండా పోయింది. అమెరికా లెక్కలో అది సోవియట్ ‘విజయం’, తన మిత్రుడి ‘ఓటమి’ మాత్రమే.

డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. ఆ రాత్రే విశాఖపట్నం తీరం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికులు చనిపోయారు. ఆ తర్వాత అమెరికా తన ఏడవ నౌకాదళం నుంచి అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతానికి పంపింది. వ్లాదివొస్తోక్ నుంచి బయలుదేరిన సోవియట్ నౌకలు దాన్ని వెంబడించాయి. భద్రతా మండలిలో కాల్పుల విరమణ తీర్మానాలను సోవియట్ యూనియన్ పదేపదే వీటో చేసింది. మన కోస్తా జాలర్లు వలలు వేసుకునే సముద్రంలోకి రెండు అగ్రరాజ్యాల యుద్ధనౌకలు వచ్చాయి.

అసలు భయపడాల్సిన సంగతి డిసెంబరు 12న వాషింగ్టన్‌లో జరిగింది. చైనా నుంచి కబురు వచ్చిందని తెలిసి, భారత్‌కు వ్యతిరేకంగా చైనా సైన్యం కదలబోతోందని నిక్సన్, కిసింజర్ అనుకున్నారు. చైనా కదిలితే సోవియట్ యూనియన్ చైనాపై దాడి చేయొచ్చు. అప్పుడు అమెరికా ఊరుకుంటే పరువేం కావాలి? ఊరుకోకపోతే అణ్వాయుధాలేనా? ఈ సంభాషణ నిజంగా జరిగింది. రికార్డులు తర్వాత బయటికొచ్చాయి. తీరా చూస్తే చైనా పంపిన కబురు యుద్ధం గురించి కాదు, కాల్పుల విరమణ గురించి. ఒక కబురును తప్పుగా ఊహించుకున్న ఆ కాసేపట్లో ఇద్దరు మగవాళ్లు మూడు అణ్వాయుధ దేశాల యుద్ధం దాకా మాటల్లో వెళ్లి వచ్చారు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది గనుక ఆ కథ అక్కడ ఆగింది. ఎవరి వివేకం వల్లో అది ఆగలేదు.

2005లో బయటపడిన పత్రాల్లో ఆ ఇద్దరూ ఇందిరాగాంధీ గురించి ఎంత అసహ్యమైన మాటలు వాడారో ప్రపంచమంతా చదివింది. ఒక దేశ విధానంతో విభేదించడానికి ఆమె ఆడదన్న సంగతిని తిట్టుగా వాడాల్సి వచ్చింది. ఇదేదో నోటి దురుసు అని కొట్టేయకండి. ఎదుటివాణ్ణి ఆడంగివాడనడం, ఆడదాన్ని ఆడదని తిట్టడం, తగ్గితే మగతనం పోతుందనుకోవడం - ఇవి నిర్ణయాల బయట ఉండే మాటలు కావు, నిర్ణయాల లోపలే ఉంటాయి. అమెరికా పరిశోధకురాలు కెరోల్ కోన్ అణు వ్యూహ నిపుణుల మధ్య కొంతకాలం గడిపి 1987లో రాసిన వ్యాసంలో చూపించింది ఇదే. ఆ భాషలో మనుషుల చావు గురించి మాట్లాడటానికి మాటలే ఉండవు. మనుషుల గురించి అడిగినవాళ్లు తెలివితక్కువవాళ్లుగా, మెత్తనివాళ్లుగా, అంటే ఆడవాళ్లుగా కనిపిస్తారు.

మెట్లు ఎలా ఎక్కుతారు?

క్యూబా సంగతి కూడా ఇదే వరుసలో చూడాలి. 1959 విప్లవం తర్వాత ఆ చిన్న ద్వీపం తన భూమి, తన చక్కెర తనవే అంది. 1961 ఏప్రిల్‌లో అమెరికా కిరాయి దళాలతో దాడి చేయించి ఓడిపోయింది. మళ్లీ దాడి జరుగుతుందన్న భయం క్యూబాది. అమెరికాతో సమానంగా నిలబడాలన్న కోరిక సోవియట్ యూనియన్‌ది. ఆ రెండూ కలిసి 1962లో క్యూబా నేల మీద అణు క్షిపణులు దిగాయి. సోవియట్ సరిహద్దులో ఉన్న టర్కీలో అప్పటికే అమెరికా క్షిపణులున్నాయి. దాన్ని మాత్రం ఎవరూ సంక్షోభం అనలేదు.

ఆ అక్టోబరు 27న ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. క్యూబా మీద తిరుగుతున్న అమెరికా గూఢచారి విమానాన్ని అక్కడి సోవియట్ అధికారులు మాస్కో అనుమతి లేకుండానే కూల్చారు. అదే రోజు సముద్రం అడుగున ఉన్న సోవియట్ జలాంతర్గామి బి-59 మీద అమెరికా నౌకలు హెచ్చరిక పేలుళ్లు జరిపాయి. అందులో అణు టార్పెడో ఉందని పైనున్నవాళ్లకు తెలియదు. పైన యుద్ధం మొదలైపోయిందేమో లోపలున్నవాళ్లకు తెలియదు. టార్పెడో ప్రయోగించడానికి అర్కిపోవ్ అనే అధికారి ఒప్పుకోలేదు. మనం ఈ రోజు బతికి ఉండటానికి ఆ ఒక్క మనిషి ‘వద్దు’ అనడం కూడా ఒక కారణం. క్యూబాలో చిన్న తరహా అణ్వాయుధాలు కూడా అప్పటికే ఉన్నాయని అమెరికా పెద్దలకు తెలిసింది ముప్పై ఏళ్ల తర్వాత, 1992లో.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. మొదట, చిన్న దేశపు సొంత సమస్యకు పెద్దలు తమ పేరు పెడతారు. ఓటు, భూమి, నీళ్లు, భాష కోసం మొదలైన గొడవ ‘వాళ్ల కుట్ర’ అవుతుంది. రెండో మెట్టులో పరువు వస్తుంది. ఇంగ్లీషులో దానికి ‘క్రెడిబిలిటీ’ అని గంభీరమైన పేరుంది. ఇక్కడ తగ్గితే రేపు ఎవరూ మనకు భయపడరు అన్నదే దాని అర్థం. మూడో మెట్టులో సైన్యాలు, నౌకలు కదులుతాయి. బెదిరించడానికే అంటారు, కానీ బెదిరింపుకూ దాడికీ తేడా ఎదుటివాడికి తెలియదు. నాలుగో మెట్టులో నిర్ణయం రాజధానుల చేతుల్లోంచి జారిపోయి, నిద్రలేని ఒక కెప్టెన్ చేతికో, తప్పుగా అర్థం చేసుకున్న ఒక కబురుకో చిక్కుతుంది. చివరికి రాజీ కుదిరితే అది పెద్దల మధ్యే కుదురుతుంది. క్యూబా నుంచి క్షిపణులు వెనక్కి తీసుకునే ముందు క్యూబాను ఎవరూ అడగలేదు. టర్కీ నుంచి క్షిపణులు తీసేస్తామని రహస్యంగా మాటిచ్చినప్పుడు టర్కీని ఎవరూ అడగలేదు.

ఫ్యాక్షన్ ఊళ్లలో పని చేసిన ఏ కార్యకర్తకైనా ఈ మెట్లు కొత్తవి కావు. ఊళ్లో బావి దగ్గరో, కాంట్రాక్టు దగ్గరో, పంచాయతీ ఎన్నిక దగ్గరో ఒక తగాదా. దాన్ని బయటి పెద్దలిద్దరు చెరోవైపు ఎత్తుకుంటారు. అక్కడినుంచి అది ఆ ఊరి తగాదా కాదు. ఎవరు ఎవరికి తగ్గారన్న లెక్క. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్టు చచ్చేది ఇరువైపులా పేదవాళ్లు, జైలుకు పోయేది వాళ్లే. విధవలై, పిల్లల్ని వేలుపట్టుకుని వలసపోయేది వాళ్ల ఆడవాళ్లు. పెద్దలు ఏదో ఒక రోజు వియ్యమందుకుంటారు కూడా. అయితే ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. ఫ్యాక్షన్‌లో ఎన్ని తలలు తెగినా ఎప్పుడో ఒకప్పుడు పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తారు. అణుయుద్ధం తర్వాత రాజీ చేసేందుకు పెద్దమనుషులు ఉండరు, కూర్చునేందుకు రచ్చబండా ఉండదు.

‘బాంబు ఉంటేనే భద్రత’ అనేవాళ్లకు

ఇక్కడ ఒక వాదన బలంగా వినిపిస్తుంది. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో ఉక్రెయిన్ తన నేల మీదున్న సోవియట్ అణ్వాయుధాలను వదులుకుంది. రష్యా, అమెరికా, బ్రిటన్ దాని సరిహద్దులకు మాటిచ్చాయి. 2014లో క్రిమియా పోయింది. 2022 ఫిబ్రవరి 24న రష్యా దండెత్తింది. ‘బాంబు ఉంచుకుని ఉంటే ఈ గతి పట్టేదా?’ అంటారు.

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. రష్యా చేసింది దురాక్రమణ, అందులో అనుమానం లేదు. నాటోను తూర్పుకు విస్తరించిన అమెరికా అమాయకురాలూ కాదు. కానీ ఆ ఆయుధాల తాళాలు మాస్కోలోనే ఉండేవి. అవి ఎప్పుడూ ఉక్రెయిన్ చేతి ఆయుధాలు కావు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఈ యుద్ధంలో అణ్వాయుధం చేసిన పనేమిటి? దండెత్తిన మూడు రోజులకే రష్యా తన అణు దళాలను ప్రత్యేక సన్నద్ధతలో ఉంచమని ఆదేశించింది. 2024 నవంబరులో తన అణు విధానాన్ని మార్చుకుని, ఆయుధాలు వాడే గీతను ఇంకా కిందికి దించింది. అంటే బాంబు దురాక్రమణను ఆపలేదు. దురాక్రమణ చేసేవాడికి గొడుగు పట్టింది. అమెరికా, రష్యాల మధ్య మిగిలిన చివరి ఆయుధ పరిమితి ఒప్పందం న్యూ స్టార్ట్ గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది.

మన పిల్లలు ఆ యుద్ధాన్ని చూశారు. ఇక్కడ సీటు దొరక్క, ఫీజులు కట్టలేక, అప్పులు చేసి ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదవడానికి వెళ్లిన తెలుగు అమ్మాయిలు, అబ్బాయిలు బంకర్లలో, మెట్రో స్టేషన్లలో రోజులు గడిపి సరిహద్దుల దాకా నడిచి వచ్చారు. వాళ్ల తల్లులకు ఎవరూ ‘క్రెడిబిలిటీ’ అంటే ఏమిటో చెప్పలేదు.

మన దగ్గరికే వద్దాం. 1972 జనవరిలో, ఓటమి తగిలిన నెల రోజులకే, భుట్టో ముల్తాన్‌లో శాస్త్రవేత్తల్ని సమావేశపరిచి బాంబు చేయమన్నాడు. 1974 మే 18న మనం పోఖ్రాన్‌లో పేల్చాం. 1998 మేలో మనం, వెనువెంటనే వాళ్లు. ఇక యుద్ధాలుండవన్నారు. ఏడాది తిరిగేసరికి కార్గిల్ వచ్చింది. 2019లో బాలాకోట్. 2025 మేలో నాలుగు రోజుల క్షిపణులు, డ్రోన్లు. ప్రతిసారీ ‘అంత దూరం వెళ్లదు’ అన్న నమ్మకం మీదే ఒక్కో మెట్టు పైకి ఎక్కుతున్నాం. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ 2025 అంచనా ప్రకారం మన దగ్గర సుమారు 180, పాకిస్తాన్ దగ్గర సుమారు 170 అణ్వాయుధాలున్నాయి. ఎక్కడ ఆగాలో రాసిపెట్టిన కాగితం ఏ తల్లి దగ్గరా లేదు.

ఒక మాట మనలో మనం కూడా చెప్పుకోవాలి. స్త్రీలు పుట్టుకతో శాంతిమూర్తులని నేను అనడం లేదు. 1974లో పేల్చమని అనుమతిచ్చింది ఒక మహిళా ప్రధాని. 2009 జూలై 26న విశాఖపట్నంలో మొదటి అణు జలాంతర్గామి అరిహంత్‌కు కొబ్బరికాయ కొట్టి ప్రారంభించింది ప్రధాని భార్య. ఆడవాళ్ల చేత పసుపు కుంకుమలు పెట్టించి మారణాయుధాన్ని ఇంటి శుభకార్యంలా మార్చడం పితృస్వామ్యానికి బాగా తెలుసు. మనం శాంతి అడగాల్సింది ఆడవాళ్లం గనుక కాదు. ఈ ఆయుధాల మూల్యాన్ని మన చేత కట్టిస్తూ, నిర్ణయంలో మన మాట లేకుండా చేశారు గనుక.

మన కాళ్ల కింది యురేనియం

ఆ మూల్యం చూడటానికి హిరోషిమా దాకా పోనక్కర్లేదు. పులివెందుల ప్రాంతంలోని వేముల మండలం తుమ్మలపల్లెకు వెళ్తే చాలు. 2007లో అక్కడ యురేనియం గనికి, శుద్ధి కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 2012లో పని మొదలైంది. అక్కడి ఖనిజంలో యురేనియం శాతం చాలా తక్కువ. టన్ను రాయి తవ్వి, పొడి చేసి, రసాయనాల్లో ఉడికిస్తే అర కిలో కూడా రాదు. మిగిలిన బురదంతా ఎక్కడికి పోతుంది? ఊళ్ల పక్కన కట్టిన చెరువులోకి. ఆ చెరువు అడుగున నీళ్లు ఇంకకుండా వేయాల్సిన పొర సరిగా వేయలేదని శాస్త్రవేత్త కె. బాబూరావు ప్రశ్నించారు. బోర్లలో నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయని కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె జనం మొరపెట్టుకున్నారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యాజమాన్యానికి నోటీసు ఇచ్చింది. యాజమాన్యం మాత్రం అంతా సురక్షితమేనంటూ వస్తోంది.

తుమ్మలపల్లె యురేనియం బాంబులోకే పోతోందని నేను అనడం లేదు. అది విద్యుత్ కోసమని ప్రభుత్వం చెబుతుంది. కానీ ఒక చిన్న లెక్క చూడండి. 2008లో అణు సరఫరా దేశాల బృందం మన దేశానికి మినహాయింపు ఇచ్చాక, విదేశాల నుంచి కొన్న యురేనియాన్ని అంతర్జాతీయ తనిఖీలున్న రియాక్టర్లలోనే వాడాలి. దేశంలో తవ్వినదానికి ఆ కట్టుబాటు లేదు. కడప రాయికి అంత గిరాకీ ఎందుకో, దాని చుట్టూ ‘దేశ భద్రత’ అనే గోడ ఎందుకు లేస్తుందో అర్థం చేసుకోవడానికి ఈ తేడా ఒక్కటి చాలు. అరిహంత్ తర్వాత 2024 ఆగస్టులో అరిఘాత్ కూడా విశాఖలోనే నౌకాదళంలో చేరింది. రాంబిల్లి దగ్గర అణు జలాంతర్గాముల స్థావరం నిర్మాణం చేపట్టారు. గని మన సీమలో, ఇంధన కర్మాగారం హైదరాబాదులో, జలాంతర్గామి మన కోస్తాలో. అలాంటి స్థావరం ఉన్న తీరం శత్రువు గురిలో ఉండదని ఎవరైనా హామీ ఇవ్వగలరా?

ఈ గొలుసులో నీళ్లు మోసేది ఎవరు? పాడైన నీళ్లతో వండేది, బట్టలుతికేది, పశువుల్ని కడిగేది ఎవరు? అదే మోతాదు రేడియేషన్ సోకితే మగవారికన్నా ఆడవారికి కేన్సర్ వచ్చే అవకాశం ఎక్కువని అమెరికా జాతీయ అకాడమీల నివేదిక 2006లో చెప్పింది. 2017లో ఐక్యరాజ్య సమితి ఆమోదించి, 2021 జనవరి 22 నుంచి అమల్లోకి వచ్చిన అణ్వాయుధ నిషేధ ఒప్పందం స్త్రీల మీద పడే ఈ అదనపు భారాన్ని తన పీఠికలోనే రాసుకుంది. అణ్వాయుధాలున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ దాని మీద సంతకం పెట్టలేదు. మనదీ అందులో ఒకటే.

ఏం చేద్దాం?

‘ఇంత పెద్ద విషయంలో మనమేం చేయగలం’ అనేవాళ్లు దూబగుంటను గుర్తు చేసుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లాలో సారా అంగళ్ల ముందు కూర్చున్న ఆడవాళ్లకు ‘సారా లేకపోతే ప్రభుత్వం నడవదు, ఖజానా ఖాళీ’ అని చెప్పినవాళ్లు చాలామంది. ఖజానా లెక్కలు వాళ్లకు ఎవరూ నేర్పలేదు. 1993 అక్టోబరులో సారా ఆగింది. ఖజానా అంటే భయపడినట్టే ఇప్పుడు ‘దేశ భద్రత’ అంటే మనం భయపడుతున్నాం. 2003లో నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు జనం యురేనియం గనులను గట్టిగా ఎదిరించారు. 2019లో నల్లమల కోసం జనం కదిలితే తెలంగాణ శాసనసభ తీర్మానం చేయక తప్పలేదు. బ్రిటన్‌లో గ్రీన్‌హామ్ కామన్ సైనిక స్థావరం ముందు 1981లో గుడారాలు వేసిన స్త్రీలు, క్షిపణులు పోయాక కూడా అక్కడి నుంచి కదలలేదు.

మన సంస్థలు రేపటినుంచే చేయగలిగిన పనులున్నాయి. తుమ్మలపల్లె చుట్టుపక్కల ఊళ్లలో తాగునీటి పరీక్షలు యాజమాన్యంతో సంబంధం లేని సంస్థల చేత చేయించాలని, ఫలితాలను తెలుగులో పంచాయతీ గోడ మీద అతికించాలని అడగాలి. గర్భస్రావాలు, చర్మవ్యాధులు, కేన్సర్ల మీద స్వతంత్ర ఆరోగ్య సర్వే కోరాలి. తోటలు పోయినవాళ్లతో పాటు ఆ తోటల్లో కూలి పోయిన ఆడవాళ్లకూ పరిహారం ఇవ్వాలనాలి. ‘ముందుగా మేం వాడం’ అన్న ప్రకటనను మన ప్రభుత్వం నీరుగార్చకుండా నిలబెట్టుకోవాలని, నిషేధ ఒప్పందం మీద పార్లమెంటులో చర్చ జరగాలని ప్రతి అభ్యర్థినీ ఓటు అడగడానికి వచ్చినప్పుడు నిలదీయాలి. అన్నిటికన్నా ముందు, యుద్ధ వార్తలకు చప్పట్లు కొట్టే సమయంలో ‘వద్దు’ అనడం నేర్చుకోవాలి. ఆ జలాంతర్గామిలో ఒక్కడు అన్న మాటే అది.

వీరపునాయునిపల్లెలో ఆ పెద్దామె చివర్లో నన్నొక ప్రశ్న అడిగింది. "మా మొగోళ్లు చచ్చినప్పుడు పరువు నిలబడిందన్నారు. ఎవరిదిమ్మా ఆ పరువు? మాకైతే ఏం మిగల్లేదు." ఫ్యాక్షన్ నాయకుణ్ణి అడిగినా, అగ్రరాజ్యాన్ని అడిగినా ఈ ప్రశ్నకు జవాబు రాదు. అందుకే దీన్ని ఇంటింటా, ఊరూరా, గట్టిగా అడుగుతూనే ఉండాలి.